ముప్పై ఒక్కరి సేన

ఉద్యోగ విధుల నడుమ లభించే విరామాన్ని ఎట్లు గడపవచ్చునో ముచ్చటించుకునే ఈ శీర్షికలో ఇంతవరకు చదరంగం, పులిజూదం, బ్రిడ్జి, తపాలా బిళ్ళల సేకరణ వంటి పరిచిత విషయాలే చోటు చేసుకున్నాయి. ఈ పర్యాయం మా పాఠకులలో అధిక సంఖ్యాకులు బహుశా చూసి ఉండని ఒక క్రీడను గురించి వ్రాయబూనుతున్నాము. ఏబదులు దాటిన ఇంజనీరు ప్లాస్టిక్ బొమ్మలతో ఆడుకోవడమేమిటని కొందరు నవ్వవచ్చు. మా ఇంట్లో ఇదివరకే నవ్వి ఉన్నారు కనుక మాకు అలవాటే. ఇక్కడ 'మేము' అనగా ఈ వ్యాస రచయిత మాత్రమే. మా శ్రీమతి ఈ యుద్ధాలలో ఏ పక్షమూ వహించలేదని ఆమె కోరిక మేరకు స్పష్టం చేస్తున్నాము.

2024 సెప్టెంబరులో ఆర్జిత సెలవు పెట్టి, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నగరంలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుని వద్ద మూడు వారాలు గడిపాము. రాబిన్ హుడ్ కథల వలన ఆ ఊరి పేరు మనవారికి చిన్ననాటి నుండి తెలిసినదే. వచ్చిన మరునాడే వర్షం పట్టుకున్నది. బయటకు కదలలేక కూర్చున్న మా ఎదుట మేనల్లుడు ఒక పెట్టె తెచ్చి పెట్టాడు. స్పాంజి గూళ్ళలో పొందికగా పేర్చిన బంగారు రంగు బొమ్మలు. లెక్కించగా 31. "ఇదే నా సైన్యం, మామయ్యా!" అన్నాడు. ఇరవై ఏడేళ్ళ వాడు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఆ మాట చెప్పేటప్పుడు ముఖంలో ఇసుమంతైనా సంకోచం లేదు.

యుద్ధాన్ని బల్లపైకి దించే ఆలోచన కొత్తది కాదు. చతురంగ బలాలను గళ్ళలో నిలిపిన దేశం మనది. 1824లో రైస్విట్జ్ అనే ప్రష్యా సైనికాధికారి తన తండ్రి ఆరంభించిన పనిని సంస్కరించి, పటాలు, పాచికలు, మధ్యవర్తితో కూడిన శిక్షణ క్రీడను వెలువరించాడు. 1913లో హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఆడే ఆటకు నియమాలు కూర్చి 'లిటిల్ వార్స్' అనే చిన్న పుస్తకం వ్రాశాడు. ఆ వంశంలోనిదే వార్‌హామర్ 40,000. రిక్ ప్రీస్ట్‌లీ రచించిన దీని మొదటి నియమావళి 1987లో వచ్చినది. ప్రచురించిన గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1975లో లండనులో ముగ్గురు మిత్రులు ప్రారంభించినది. ఇప్పుడు దాని ప్రధాన కార్యాలయం నాటింగ్‌హామ్‌లోనే ఉన్నది. అక్కడి ప్రదర్శనశాలను ఒక పూట చూసి వచ్చాము. గోరంత బొమ్మలతో గదులకు గదులు నింపిన యుద్ధ దృశ్యాలను చూస్తూ ఉంటే కొండపల్లి బొమ్మల కొలువు గుర్తుకు వచ్చినది, కొలువులో ఇంత రక్తపాతం ఉండదన్న మాట నిజమే అయినా.

ఆట స్వరూపం క్లుప్తంగా చెబుతాము. ఐదడుగుల పొడవు, 44 అంగుళాల వెడల్పు గల రంగస్థలం. దాని మీద శిథిల భవనాలు, అడ్డుగోడలు. గళ్ళు ఉండవు, దూరాలను కొలత టేపుతో కొలవవలసినదే. చెరొక 2000 పాయింట్లకు మించకుండా సైన్యాన్ని కూర్చుకొని వస్తారు. బలమైన బొమ్మకు ఎక్కువ పాయింట్లు, బలహీనమైన దానికి తక్కువ. దెబ్బ తగిలినదా, గాయమైనదా, కవచం కాచినదా అన్న మూడు ప్రశ్నలకు ఆరు ముఖాల పాచికలు వరుసగా జవాబు చెబుతాయి. ఐదు రౌండ్లు ముగిసేసరికి సాధారణంగా మూడు గంటలు పడుతుంది. మేము ఆడినది 2023లో వెలువడిన పదవ ముద్రణ నియమాల ప్రకారం.

ఈ ఆటలో పక్షాలు అనేకం. ట్యాంకులతో నిండినవి, గుంపులతో ముంచెత్తేవి, దొంగచాటుగా దాడి చేసేవి. మా మేనల్లుని పక్షం పేరు అడెప్టస్ కస్టోడీస్. కథ ప్రకారం నలభై ఒకటవ సహస్రాబ్దిలో మానవజాతి చక్రవర్తి భూమి మీద బంగారు సింహాసనంపై పదివేల ఏళ్ళుగా జీవన్మరణాల మధ్య ఉన్నాడు. ఆయన అంతఃపుర రక్షకులే ఈ పసిడి కవచధారులు. సంప్రదాయంగా వారి సంఖ్య పదివేలు. సువిశాల నక్షత్ర సామ్రాజ్యానికి పదివేలు ఏ మూలకు? అందుకే ఒక్కొక్కరిని ఒక్కొక్క కళాఖండం వలె తీర్చిదిద్దుతారట. సాధారణ సైనికుడు కర్మాగారంలో అచ్చు పోసిన వస్తువు అయితే, వీరు చేతిపనితనం. బల్లపై వీరికి స్వతంత్ర సైన్యంగా నియమగ్రంథం వచ్చినది 2018లో.

ఇంజనీరుకు కథ కంటె లెక్క ముద్దు. కాగితం కలం అడిగి కూర్చున్నాము. ఎదుటి పక్షం సామాన్య పదాతి సైనికుడు తుపాకి పేల్చినాడనుకుందాము. గురి తగిలే అవకాశం రెండింట ఒకటి. మా రక్షకుని దేహబలం అతని తుపాకి బలానికి రెట్టింపు కనుక గాయపడే అవకాశం ఆరింట ఒకటి. ఆపైన కవచం తప్పిపోయే అవకాశం కూడ ఆరింట ఒకటే. మూడూ గుణిస్తే 72లో ఒకటి. రక్షకునికి ప్రాణాలు మూడు. అనగా ఒక్కని పడగొట్టడానికి సగటున 216 తూటాలు! ఒక రక్షకునికి సుమారు 40 పాయింట్లు కాగా అదే ధరకు ఎదుటివారికి ఆరేడుగురు సైనికులు వస్తారు. ఆ ఏడుగురూ దగ్గరకు వచ్చి వంతుకు రెండేసి తూటాల చొప్పున ఐదు రౌండ్లు ఎడతెగక పేల్చినా 70. ఒక్క గాయం కూడ పూర్తి కాదు. ఇది చూసి మేము పొందిన ఆనందం ఇంతింత కాదు. ఇటువంటి సైన్యం ఉండగా ఓడిపోవడం ఎట్లా సాధ్యమని మేనల్లుణ్ణి అడిగాము. "ఆదివారం మీరే చూద్దురు గాని, మామయ్యా" అన్నాడు.

ఆదివారం నాడు ఒక సామాజిక భవనపు హాలులో వారి క్లబ్బు కూడినది. మా ప్రత్యర్థి ఒక విశ్రాంత పోస్టుమాన్, డెబ్బదికి దగ్గరలో ఉన్న పెద్దమనిషి. ఆయన సైన్యం ఆస్ట్రా మిలిటేరమ్. మనం లెక్క వేసిన సామాన్య పదాతి అదే. బొమ్మలు నూట ఇరవైకి పైన. వాటిని పెట్టెలో నుండి తీసి నిలబెట్టడానికే ఆయనకు పావుగంట పట్టినది. మేము మా ముప్పై ఒక్కరిని ఐదు నిమిషాలలో నిలిపి, చేతులు కట్టుకొని నిలుచున్నాము. ఆ పావుగంటలో మాకు గర్వం పెరిగిన మాట దాచదలచలేదు.

మొదటి మూడు రౌండ్లు మావే. మేనల్లుడు పక్కన కూర్చుండి నియమాలు చెబుతూ ఉండగా, బలగమంతటినీ మధ్యకు నడిపించాము. మా వారి ఈటెకు ఒక్కొక్క పోటులో సగటున ముగ్గురు నలుగురు నేలకొరుగుతారు. నలుగురు గల దళం పదిమంది దళం మీద పడితే లెక్క ప్రకారం పదునలుగురు చావాలి, కాని చావడానికి అక్కడ పదిమందే ఉన్నారు. మిగిలిన నలుగురి పాటి బలం గాలిలో కలిసినట్టే. సిమెంటు బస్తా ఎత్తడానికి వంద టన్నుల క్రేను తెచ్చినట్టు ఉన్నదని అప్పుడు మాకు తట్టినది. తట్టినా ఆగలేదు. అరవైకి పైగా బొమ్మలను ఆయన పెట్టెలోకి తిరిగి పంపాము. ఆయన ఒక్కొక్క పిడికెడు తీసి, చిరునవ్వుతో పెట్టెలో సర్దుకుంటూ వచ్చాడు.

అయితే ఈ ఆటలో గెలుపు శవాల సంఖ్యను బట్టి కాదు. బల్ల మీద ఐదు లక్ష్యస్థానాలు గుర్తించి ఉంటాయి. ఏ స్థానానికి మూడు అంగుళాల లోపల ఎవరి ఆధిపత్య సంఖ్య ఎక్కువో అది వారిది. ఆ ఆధిపత్య సంఖ్య మా పసిడి రక్షకునికి 2. ఆ పోస్టుమాన్ గారి సామాన్య సైనికునికి కూడ 2! దేహబలంలో, కవచంలో, ఆయుధంలో ఇంత తారతమ్యం పెట్టిన నియమకర్తలు నేల మీద నిలబడే విషయంలో మాత్రం ఇద్దరినీ సమానం చేశారు. ఐదవ రౌండులో చివరి వంతు ఆయనది. ఒక స్థానం మీద మా వారు నలుగురు గాయమన్నది లేకుండా నిలిచి ఉన్నారు. చివరి వరకు గోడ వెనుక దాగిన పదిమంది పరుగున వచ్చి చుట్టూ నిలిచారు. వారిది 20, మాది 8. స్థానం ఆయనది. మిగిలిన మూలలలోనూ ఇదే వరస. అక్కడ మా వారు అసలు లేనే లేరు. పైగా ప్రతి వంతులోనూ కార్డులు తీసి చేయవలసిన చిల్లర పనులు ఉంటాయి. బల్ల నాలుగు భాగాలలోను నీ దళం ఉండవలెనని ఒకటి, ఫలాని స్థానంలో ఆగి ఒక పని ముగించవలెనని ఇంకొకటి. ఆ పని చేసే దళం ఆ వంతులో తుపాకి పేల్చరాదు. 160 పాయింట్ల దళం చేత గుమాస్తా పని చేయించలేక చాలా కార్డులను మేము పారవేశాము. ముగింపు లెక్క 84 – 38. ఆ 38లో పది, బొమ్మలకు చక్కగా రంగులు వేసినందుకు నియమం ప్రకారం వచ్చినవి. అవి మేనల్లుని సొత్తు.

అందరినీ చంపడానికి సమయం చాలదనీ, తాను అందరినీ కాపాడనవసరం లేదనీ, చివరి వంతులో పదిమంది మిగిలితే చాలుననీ పోస్టుమాన్ గారు టీ తాగుతూ చెప్పాడు. ఇంకొక రహస్యం కూడ విప్పాడు. 216 లెక్క సామాన్య తుపాకికి మాత్రమే వర్తిస్తుంది. కవచాలను ఛేదించే భారీ ఆయుధం తగిలిన మూడు దెబ్బలలో ఒకటి మా రక్షకుణ్ణి నేరుగా పడగొడుతుంది. ఆయనకు పోయిన ఒక్కడు నూట ఇరవైలో ఒకడు. మాకు పోయిన ఒక్కడు ముప్పై ఒక్కరిలో ఒకడు. అతనితో పాటు అతడు నిలవవలసిన చోటు కూడ పోతుంది.

కొత్తవారికి ఈ పక్షాన్నే కొనమని సలహా ఇస్తారట. బొమ్మలు తక్కువ, రంగులు వేయడం త్వరగా తెములుతుంది, నియమాలు గుర్తుంచుకోవడం తేలిక. ఇవన్నీ నిజమే. కాని నూరుమంది గల సేనాపతి పది తప్పులు చేసి బ్రతుకుతాడు. ముప్పై మంది గలవాడు రెండవ తప్పుతోనే అయిపోతాడు. కొత్తవానికి ఇది అనువైన పక్షమో కాదో మాకు ఇప్పటికీ అనుమానమే.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఓటమి వలన కాదు. 20 – 8 అన్న ఆ లెక్క ఎక్కడో చూసినట్టు అనిపించడం వలన.

మేము 1993లో విద్యుత్ కేంద్రంలో చేరినప్పుడు మా నిర్వహణ విభాగంలో ఒక్కొక్క షిఫ్టుకు ఇరవై ఇద్దరు ఉండేవారు. వారిలో సగం మందికి రిలే అంటే ఏమిటో తెలియదు. బెల్టు వెంట నడిచేవారు, టార్చి పట్టుకునేవారు, టీ తెచ్చేవారు. కాలక్రమాన ఖాళీలు భర్తీ కాలేదు. మిగిలినవారికి చక్కని శిక్షణ లభించినది, పరికరాలు మెరుగైనాయి. కొన్నేళ్ళ క్రితం నాటికి రాత్రి షిఫ్టులో మేము ఐదుగురం, ఐదుగురమూ ఆరితేరినవారమే. మా విభాగాన్ని చూసి మేము గర్వించని రోజు లేదు.

అటువంటి ఒక రాత్రి రెండు గంటల వేళ ట్రాన్స్‌ఫార్మరు బుకోల్జ్ రిలే అలారం మోగినది. లోపల వాయువు చేరినదని దాని సంకేతం. అది ప్రమాద సూచకం కావచ్చు, ఆ మధ్యనే నూనె నింపి ఉంటే మిగిలిపోయిన గాలి కూడ కావచ్చు. షిఫ్టు బాధ్యత మాది. ఐదుగురమూ అక్కడికే పరుగెత్తాము. అదే సమయంలో బొగ్గు కన్వేయరు ఒకటి ఆగినది. దారిలో ఎక్కడో ఒక పుల్‌కార్డ్ స్విచ్ లాగబడి ఉన్నది. చేయవలసినదల్లా ఆ పొడవాటి గ్యాలరీ వెంట నడిచి, ఏ స్విచ్చో కనుగొని, కారణం చూసి, దానిని యథాస్థానంలో పెట్టడమే. అందుకు డిగ్రీ అక్కరలేదు. కాళ్ళు, టార్చి, కాస్త జాగ్రత్త చాలు. ఆ కాళ్ళు మా వద్ద లేవు. ట్రాన్స్‌ఫార్మరు వద్ద మా ఐదుగురిలో ఇద్దరికే పని ఉన్నది, ముగ్గురం చూస్తూ నిలుచున్నాము. చివరకు అది గాలే అని తేలినది. మేము కన్వేయరు వద్దకు చేరేసరికి బంకరులో బొగ్గు మట్టం పడిపోయి, యూనిట్ లోడు తగ్గించవలసి వచ్చినది. మరునాటి నివేదికలో కారణం 'కన్వేయరు నిలిచిపోవుట' అని వ్రాశాము. అది అబద్ధం కాదు గాని పూర్తి నిజమూ కాదు. ఇద్దరిని పంపవలసిన చోటికి ఐదుగురిని పంపినది మేమే.

ఉదయం కాఫీ వేళ ఈ సంగతి మేనల్లునికి చెప్పాము. వాడు కాసేపు మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి, ఇంకొక చిన్న పెట్టె తెచ్చాడు. అందులోని బొమ్మలు స్త్రీలు, సిస్టర్స్ ఆఫ్ సైలెన్స్. పసిడి రక్షకుల నియమగ్రంథంలోనే వీరికీ చోటున్నది. మాటాడని వ్రతం పట్టినవారు. మంత్రశక్తులు వీరి సమీపంలో పనిచేయవు. దేహబలం మామూలు మనుషులదే, ప్రాణం ఒక్కటే. ధర మాత్రం అతి స్వల్పం. "నేనూ మొదట్లో వీళ్ళను పెట్టెలోనే ఉంచేవాణ్ణి, మామయ్యా. అందంగా లేరని కాదు, ఎవర్నీ చంపలేరని" అన్నాడు.

రెండవ ఆదివారం పోస్టుమాన్ గారే మళ్ళీ ఎదురు కూర్చున్నాడు. ఎగిరే బండ్ల మీది ముగ్గురు రౌతులను తీసివేసి, ఆ పాయింట్లతో నలుగురేసి గల మూడు సిస్టర్స్ దళాలను చేర్చాము. ఒక దళం మా వెనుక స్థానం వద్ద ఆట సాంతం నిలిచి ఉన్నది. ఒక్క తూటా పేల్చలేదు. ఇంకొకటి మూలలకు తిరుగుతూ కార్డుల పనులు చక్కబెట్టినది. మూడవది రెండవ రౌండులోనే నశించినది, కాని నశించే లోపల ఎదుటివారి భారీ ఆయుధాల గురిని ఒక వంతు పాటు తన మీదికి తిప్పుకొన్నది. ఆ వంతులో మా పసిడి వారు గోడ చాటు నుండి గోడ చాటుకు చేరుకున్నారు.

మాకు కష్టమైనది దాడి చేయడం కాదు, దాడి మానడం. ఆకాశం నుండి దిగే ముగ్గురు కవచధారులు మా వద్ద ఉన్నారు. వారు శత్రువుకు తొమ్మిది అంగుళాలకు పైబడిన దూరంలోనే దిగాలి. ఆ వంతులోనే మీద పడాలంటే రెండు పాచికలు కలిపి తొమ్మిదో అంతకంటె ఎక్కువో రావాలి. ముప్పై ఆరింట పది అవకాశాలు. మరొకసారి వేసే హక్కును ఖర్చు పెట్టినా సగానికి లోపే. మొదటి ఆటలో ఈ జూదానికి పోయి, ఎదురుబయట నిలిచి, ముగ్గురినీ పోగొట్టుకున్నాము. ఈసారి వారిని మూడవ రౌండు దాకా పైనే ఉంచి, ఎవరూ లేని మూలలో దించాము. ఆ మూల స్థానం మాదైనది. పక్క బల్ల కుర్రవాడు మా వంక జాలిగా చూశాడు. అంత బలగాన్ని ఖాళీ మూలలో దించడం అతనికి రుచించలేదు.

నాలుగవ రౌండు చివర మేము రెండు పాయింట్ల ముందంజలో ఉన్నాము. ఐదవ రౌండులో పోస్టుమాన్ గారి ఫిరంగి ఒకటి మా సేనానిని పడగొట్టినది. కాపాడుకోవడానికి పాచిక మీద నాలుగు రావలసి ఉండగా మూడు వచ్చినది. తుది లెక్క 76 – 71, ఆయనదే పైచేయి. ఆయన లేచి వచ్చి కరచాలనం చేసి, మా పసిడి వారిని కాక మూలలో నిలిచిన ఆ సిస్టర్స్‌ను చూపించి తల పంకించాడు. మేము ఓడి ఇంత ఆనందించిన సందర్భం వేరొకటి గుర్తు లేదు.

బయలుదేరిన నాడు విమానాశ్రయంలో మేనల్లుడు ఒక చిన్న పొట్లం చేతిలో పెట్టాడు. పసిడి రక్షకుడనుకున్నాము, సిస్టర్స్‌లో ఒకరు. ఆమె ఇప్పుడు మా కార్యాలయపు బల్ల మీద, పేపర్‌వెయిట్ పక్కన నిలిచి ఉన్నది. మేము సెలవు ముగించుకొని వచ్చిన నాటికి, మా విభాగంలో ఖాళీగా ఉన్న రెండు ఖలాసీ పోస్టులను రద్దు చేయవచ్చునా అని అభిప్రాయం కోరుతూ ఒక ఫైలు వచ్చి ఉన్నది. కూడదని వ్రాశాము. ఆ రాత్రి నాటి లాగ్‌బుక్ పుట నకలు, ట్రాన్స్‌ఫార్మరు వద్ద చూస్తూ నిలుచున్న ముగ్గురి పేర్లు, మా పేరుతో సహా, జతపరచి పంపాము. ఫైలు ఇంకా తిరిగి రాలేదు.